వేలిముద్ర కథ: సాక్ష్యం తాళంచెవి అయిన వైనం

మన బడిలో చదివిన వాళ్లెవరికైనా 'వేలిముద్రగాడు' అన్న తిట్టు గుర్తుండే ఉంటుంది. పదమూడో ఎక్కం దగ్గర తడబడినా, చూచిరాతలో ఒత్తులు ఎగరగొట్టినా మాస్టార్ల నోట వచ్చే మాట అదే. "ఇలాగే ఉంటే వేలిముద్రగాళ్లుగా మిగిలిపోతార్రా" అనేవారు. ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పాల్సిన పని ఉండేది కాదు. పత్తి కొట్ల ముందు, మిరపకాయల కమీషన్ దుకాణాల్లో ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద బొటనవేలు అద్దే పెద్దవాళ్లను రోజూ చూస్తూనే ఉండేవాళ్లం. ఆ వేలిని తర్వాత గోడకో, పంచె అంచుకో తుడుచుకునేవారు. 1990ల మొదట్లో ఊరూరా అక్షరాస్యత ఉద్యమం వచ్చి రాత్రి బడులు పెట్టినప్పుడు కూడా పెద్దలకు మొదట నేర్పింది వాళ్ల పేరు వాళ్లు రాసుకోవడమే. సంతకం వచ్చిందంటే ఒక గీత దాటినట్టు లెక్క.

ఇప్పుడు అమెరికాలో చిప్పులు డిజైన్ చేసే మనవాడు కూడా పొలం పని మీద ఊరొచ్చి రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చుంటే ముందు అడిగేది బొటనవేలే. రేషన్ బియ్యానికి వేలు, పింఛనుకు వేలు, సిమ్ కార్డుకు కొన్నాళ్లు వేలు, బ్యాంకు డబ్బుకు వేలు. చదువుకున్న వాడూ చదువుకోని వాడూ తిరిగి ఒకే వరసలో నిలబడ్డారు. సావనీర్ సంపాదకులు నన్ను కంప్యూటర్ల గురించి, సైబర్ భద్రత గురించి రాయమన్నారు. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుని. అంతా రాయబోతే అది పాఠ్యపుస్తకం అవుతుంది, ఎవరూ చదవరు. అందుకని ఆ ఒక్క వేలు పట్టుకుని నడుస్తాను.

చిన్నప్పుడు మనం వేళ్ల మీద శంఖాలు, చక్రాలు లెక్కపెట్టుకుని ఎవడికి ఎన్ని ఉంటే అంత అదృష్టవంతుడు అనుకునేవాళ్లం. ఆ శంఖాలనూ చక్రాలనూ ప్రభుత్వపు లెక్కల్లోకి ఎక్కించిన పని మన దేశంలోనే, బెంగాలులో మొదలైంది. 1858 జూలైలో జంగీపూర్‌లో పనిచేస్తున్న విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకు కంకర తోలే రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం వెనక అరచెయ్యి మొత్తం అద్దించాడు. రేపు "ఇది నేను రాసిచ్చింది కాదు" అని అడ్డం తిరగకుండా భయపెట్టడానికి చేసిన పని అది. శాస్త్రం తర్వాత వచ్చింది. 1877 నాటికి ఆయన హుగ్లీ జిల్లాలో పింఛన్లకు, దస్తావేజుల రిజిస్ట్రేషనుకు, జైలుకు వేలిముద్రలు వాడడం మొదలుపెట్టాడు. పింఛనుదారు కాలం చేసినా ఇంట్లోవాళ్లు డబ్బు తీసుకుంటూ ఉండటం అప్పటికే ఒక తలనొప్పి. మన ఊళ్లో పింఛను పంచే సచివాలయం అమ్మాయి చేతిలోని యంత్రం ఈనాటికీ తీర్చే తలనొప్పి కూడా అదే.

ఇంజనీరుగా నాకు హెర్షెల్ కన్నా ఎక్కువ గౌరవం ఉన్నది ఇద్దరు భారతీయుల మీద. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో పెట్టారు. లక్ష ముద్రలున్న బీరువాలోంచి ఒక్క ముద్రను వెతికి తీయడం ఎలా అన్నది అసలు చిక్కు. పది వేళ్ల మీద సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, దాన్ని అంకెలుగా మార్చి, 1,024 అరల్లో సర్దే పద్ధతి తయారుచేయడంలో అసలు శ్రమ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులది. లోకం దాన్ని తమ పై అధికారి పేరుతో 'హెన్రీ పద్ధతి' అని పిలిచింది. కంప్యూటరు అన్న మాట యంత్రానికి అంటుకోకముందే వాళ్లు కట్టింది ఒక డేటాబేస్ ఇండెక్సు. మన బడిలో సైన్సు చెప్పే గురువులు ఆ ఇద్దరి పేర్లు పిల్లలకు చెబితే బాగుంటుంది.

1899లో చట్టం కూడా మారి, వేలిముద్రల నిపుణుడి మాట కోర్టులో చెల్లుబాటు అయింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. వేలిముద్రను మొదట వాడింది సాక్ష్యంగా. అంటే తగాదా వచ్చిన రోజున నలుగురి ముందు పెట్టి, భూతద్దంతో చూసి, "ఇది నీదే" అని తేల్చడానికి. సాక్ష్యానికి దాపరికం పనికిరాదు. ఎంతమంది చూస్తే అంత బలం.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆ తీరులోనే ఉంది. దాని 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో నంబరు పుస్తకాన్ని ఫీజు కట్టిన ఎవరైనా చూడొచ్చు, నకలు అడగొచ్చు. సంబంధం ఉన్నవాళ్లే అడగాలన్న నియమం లేదు. ఇది పొరపాటు కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. మన నల్లరేగడి ప్రాంతంలో పత్తి మీద వచ్చిన డబ్బు, మిరప మీద వచ్చిన డబ్బు, పొగాకు మీద వచ్చిన డబ్బు చివరికి చేరేది పొలంలోకే. ఒకే చెక్కను ఇద్దరికి అమ్మడం, తమ్ముడి వాటా అన్న తాకట్టు పెట్టడం, చనిపోయిన వాడి పేరున నిలబడి దస్తావేజు రాసివ్వడం మన సివిల్ కోర్టులకు కొత్తవి కావు. కొనబోయేవాడు ముందే పుస్తకం తిరగేసి చూసుకోవాలంటే పుస్తకం తెరిచి ఉండాలి. అందుకే ఈసీ అన్నది మన పెళ్లిచూపుల్లో కూడా చోటు సంపాదించుకుంది.

స్వర్ణోత్సవాల పని మీద మన బడి స్థలం కాగితాలు తిరగేసినప్పుడు అందులో పాత దానపత్రం నకలు కూడా బయటపడింది. దాత పేరు పక్కన 'నిశానీ' అని రాసి ఉంది. ముద్ర సగం చెదిరిపోయింది. పిల్లల చదువుకు పొలం రాసిచ్చిన మనిషికి సంతకం రాదు. ఆ కాగితాన్ని కమిటీలో అందరం చేతులు మార్చుకుంటూ చూశాం, ఒకరిద్దరు ఫోనులో ఫొటో తీసుకున్నారు. ఆ ముద్రకు ఎవరివల్లా ఏ ప్రమాదమూ లేదు. ఎందుకంటే అది సాక్ష్యం మాత్రమే, ఏ తలుపూ తెరవదు.

1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' పథకం మొదలైంది. రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటరీకరించే పథకం, ఒకేసారి రెండువందలకు పైగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో. దాని రూపశిల్పి జె. సత్యనారాయణ అనే ఐఏఎస్ అధికారి. అంతకుముందు దస్తావేజును గుమాస్తా చేత్తో పుస్తకంలోకి ఎత్తిరాసేవాడు. ఈసీ కావాలంటే పుస్తకాలు దింపి, దుమ్ము దులిపి, పదేళ్లో పదమూడేళ్లో వెనక్కి వెతకాలి. రోజులు పట్టేది, చేతులు తడపకపోతే వారాలు పట్టేది. కార్డ్ వచ్చాక ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. దస్తావేజును స్కాన్ చేసి బొమ్మగా దాచడం మొదలైంది. అప్పట్లో ప్రపంచ బ్యాంకు వాళ్లు కూడా వచ్చి చూసిపోయిన పథకం అది. దాన్ని నేను ఈనాటికీ మంచి పని అనే అంటాను.

2001లో రెండో మార్పు వచ్చింది. కేంద్రం రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఏ అనే సెక్షను చేర్చింది. ఆస్తి చేతులు మారే దస్తావేజు మీద అమ్మినవాడివీ కొన్నవాడివీ ఫొటోలు, వేలిముద్రలు అతికించి తీరాలి. మనిషి మారి నిలబడే మోసాలను ఆపడానికి వేసిన కట్టడి ఇది. ఇదీ మంచిదే. కాకపోతే దీంతో ముద్ర తిన్నగా దస్తావేజులోకే వచ్చేసింది. దస్తావేజు స్కానులోకి, స్కాను సర్వరులోకి, కొన్నేళ్లకు సర్వరు ఇంటర్నెట్‌లోకి. ఆఫీసుకు వెళ్లి ఫీజు కట్టి నకలు అడిగేవాడు గుమాస్తాకు మొహం చూపించాల్సి వచ్చేది. ఇంటర్నెట్‌లో ఆ మొహమాటం పోయింది.

మూడోది ఆధార్. 2009లో ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభలి గ్రామంలో మొదటి నంబరు ఇచ్చారు. ఇప్పటికి 130 కోట్లకు పైగా ఇచ్చారు. కార్డ్ పథకాన్ని నిలబెట్టిన ఆ సత్యనారాయణగారే 2016లో ఆధార్ సంస్థకు ఛైర్మన్ అయ్యారు. చరిత్ర రాసేవాడికి ఇలాంటివి దొరికితే వదలబుద్ధి కాదు. ఆయన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. దేశం మొత్తం మీద ఈ రెండు యంత్రాంగాలూ లోపలినుంచి తెలిసినవాళ్లు అతి కొద్దిమంది, వాళ్లలో ఆయన ఒకరు. ఆ రెండూ విడివిడిగా పెరిగి ఏదో ఒకరోజు ఢీకొంటాయని అంచనా వేసి పని చేయాల్సిన కుర్చీ మాత్రం ఏ ఆఫీసులోనూ లేదు.

ఆధార్ వేలు మన పల్లెలకు చేసిన మేలు కూడా చెప్పాలి. మిరప కోతల కాలంలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే పల్నాడుకూ గుంటూరు ఊళ్లకూ వచ్చి కళ్లాల దగ్గర గుడారాలు వేసుకుంటాయని మీకు తెలుసు. ఒకప్పుడు వాళ్ల రేషన్ కార్డు వాళ్ల ఊరి డీలరు దగ్గరే చెల్లేది. రెండు మూడు నెలలు బియ్యం కొనుక్కు తినాలి. వేలు పెట్టే యంత్రాలు వచ్చాక కోసిగి కార్డుకు ఇక్కడే బియ్యం దొరకడం మొదలైంది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య కూడా ఆ సదుపాయం వచ్చింది. దేశంలో అలా రాష్ట్రం దాటి బియ్యం ఇచ్చిన మొదటి జోడీల్లో మనదొకటి. ఇంతమందికి ఇంత సులువుగా మేలు చేసిన యంత్రాలు నా వృత్తిలో నేను చూసినవి తక్కువ.

అదే యంత్రం మీద అదే మనిషి వేలు పడకపోవడం కూడా చూశాను. పత్తి తీసేవాళ్ల వేళ్లు చూశారా? ఎండిన గుల్ల కొసలు సూదుల్లా ఉంటాయి, రోజంతా గీరుకుంటూ ఉంటాయి. మిరపకాయ కోసి, తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్లు మంటెక్కి, తోలు ఊడి, నున్నగా అయిపోతాయి. సెన్సరు వెతికేది గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తుల కోసం. గీతలే అరిగిపోతే దానికి కనిపించేది ఏమీ లేదు. "తంబు పడట్లేదు" అన్న మాట మన భాషలోకి అలా వచ్చింది. వేలికి నూనె రాసి, తడిగుడ్డతో తుడిచి, పదో వేలు దాకా ప్రయత్నించి, చివరికి "రేపు రామ్మా" అనిపించుకున్న వాళ్లున్నారు. కష్టం చేసే చేతిని గుర్తుపట్టలేని యంత్రం, కాసేపట్లో చూస్తారు, రబ్బరు ముక్కను గుర్తుపట్టింది.

బ్యాంకుకూ వేలికీ ముడిపడింది ఏఈపీఎస్ అనే ఏర్పాటుతో. బ్యాంకు మన ఊళ్లో ఉండదు, బ్యాంకు తరఫున చిన్న యంత్రం పట్టుకున్న ప్రతినిధి ఉంటాడు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు, ఈ మూడూ ఉంటే డబ్బు చేతికొస్తుంది. పిన్ అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు, ఓటీపీ రాదు. చదువురాని వాళ్లకు సులువుగా ఉండాలని అలా చేశారు. నిజంగానే సులువైంది. ఉపాధి హామీ కూలి కోసం మండల కేంద్రానికి ఆటో ఛార్జీ పెట్టుకుని వెళ్లే బాధ తప్పింది.

కానీ ఇక్కడ వేలిముద్ర స్వభావమే మారిపోయింది. సాక్ష్యంగా ఉన్నది తాళంచెవి అయింది. సాక్ష్యాన్ని పదిమందికీ చూపించాలి, తాళంచెవిని బొడ్లో దోపుకోవాలి. మనం ఒకే వేలిని ఒక ఆఫీసులో సాక్ష్యంగా గోడకు అంటించాం, ఇంకో ఆఫీసులో దాన్నే తాళంచెవిగా ఒప్పుకున్నాం. దస్తావేజులో ఏముంటాయో ఒకసారి గుర్తుచేసుకోండి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఆధార్ నంబరు, ఫొటో, వేలిముద్ర. పైగా పొలం అమ్మినవాడి దస్తావేజు అంటే ఖాతాలోకి ఈమధ్యే డబ్బు వచ్చిందని కూడా చెప్పినట్టే. దొంగకు ఇంకేం కావాలి?

అనుకున్నట్టే అయింది. 2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక దుకాణదారు పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రలతో పాలిమర్ ముద్రలు తయారుచేసి, ఊరూ పేరూ తెలియని వాళ్ల పేర్ల మీద వేల సిమ్ కార్డులు తీశాడు. కంపెనీ పెట్టిన టార్గెట్టు అందుకోవడానికట. ఇంత తెలివి అంత చిన్న లాభానికి ఖర్చుపెట్టడం చూస్తే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. అదే ఏడాది సెప్టెంబరు 26న సుప్రీం కోర్టు ఆధార్ చట్టంలో ప్రైవేటు కంపెనీలకు దారిచ్చిన భాగాన్ని కొట్టేసింది. అది కూడా 57వ సెక్షనే. ఒక చట్టంలో 57 పుస్తకాన్ని అందరికీ తెరిచింది, ఇంకో చట్టంలో 57 వేలిని అందరూ అడిగేలా చేసింది. కాకతాళీయమే, కానీ గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది.

సిమ్ కార్డుల దారి ఆ తీర్పుతో మూసుకుంది గానీ డబ్బు దారి మూసుకోలేదు. 2022 జూన్‌లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఈసారి దస్తావేజులు దించింది మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి. రబ్బరు ముద్రలతో ఏఈపీఎస్ ద్వారా దాదాపు 150 మంది ఖాతాల్లోంచి పద్నాలుగు లక్షలకు పైగా లాగారు. పోలీసులకు దొరికిన నకిలీ ముద్రలు సుమారు 2,500. ఆ ముద్రలు ఏ ఊళ్లవో పత్రికల్లో రాలేదు. మన రెండు జిల్లాల్లో రిజిస్ట్రేషన్లు ఎన్ని జరుగుతాయో తెలిసినవాళ్లకు ఆ వార్త చదివాక నిద్ర పట్టదు.

మా బంధువుల్లో ఒక బాబాయికి ఇలాగే జరిగింది. పిల్ల పెళ్లికి అర ఎకరం అమ్మాడు. తర్వాతి వేసవిలో ఖాతాలోంచి పదివేల చొప్పున మూడు రోజులు వరసగా డబ్బు పోయింది. ఆయన అడగడానికి వెళ్తే ఆ బ్యాంకులో చెప్పిన మాట, "మీ వేలే పడిందండీ, మీరే తీసుకుని మర్చిపోయి ఉంటారు." ఆ రోజు ఆయన మిరపనారు పోస్తూ పొలంలో ఉన్నాడు, పక్క చేలో నలుగురు చూశారు. ఆ నలుగురి మాటా చెల్లలేదు, వేలి మాటే చెల్లింది. "నా వేలే నాకు ఎదురు సాక్ష్యం చెప్పిందిరా" అన్నాడు నాతో ఫోనులో. పోలీసు ఫిర్యాదు, రాతపూర్వక అర్జీలు, తిరుగుళ్లు అన్నీ అయ్యాక ఏడు నెలలకు డబ్బు వెనక్కి వచ్చింది. అయినా ఆయన ఖాతాలో ఇప్పుడు వెయ్యి రూపాయలకు మించి ఉంచడు. తక్కినది బీరువాలో.

నా వృత్తిలో ఉన్నవాళ్లు సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. ఇది ముందు తెలియనిది కాదు. 2002లోనే జపాన్‌లో యొకొహామా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన త్సుతోము మత్సుమోతో, మిఠాయిల్లో వాడే జెలటిన్‌తో నకిలీ వేళ్లు చేసి మార్కెట్లో ఉన్న పదకొండు రకాల వేలిముద్ర యంత్రాలను మోసం చేసి చూపించాడు. అప్పటికి ఆధార్ పుట్టడానికి ఏడేళ్లుంది. 2014లో జర్మనీలో కొందరు హ్యాకర్లు ఆ దేశపు రక్షణ మంత్రి ఫొటోల్లోంచే ఆమె వేలిముద్రను పునర్నిర్మించారు. మన దగ్గర 2017లో ఆధార్ యంత్రాలన్నీ ముద్రను అక్కడికక్కడే రహస్య లిపిలోకి మార్చి పంపాలని నియమం పెట్టారు. తీగలో పోతున్న ముద్రను ఎవరూ దొంగిలించకుండా వేసిన తాళం అది, గట్టిదే. కానీ యంత్రం మీద పెట్టింది వేలా, రబ్బరా అని ఆ తాళం అడగదు. రబ్బరు ముద్రను కూడా అంతే జాగ్రత్తగా, అంతే రహస్యంగా చేరవేస్తుంది.

నంబర్లు బయటపడటం గురించి కూడా ముందే హెచ్చరికలు వచ్చాయి. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదికలో నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని లెక్కగట్టింది. ఆ నాలుగింటిలో రెండు మనవే, ఉపాధి హామీ చెల్లింపులదీ, చంద్రన్న బీమాదీ. కంప్యూటరీకరణలో అందరికన్నా ముందున్నామని గొప్ప చెప్పుకునే రాష్ట్రానికి అందరికన్నా ముందు దెబ్బలు తగలడం సహజం. ఆ దెబ్బల నుంచి ముందుగా నేర్చుకున్నామా అంటే అదీ లేదు. 2023లో బెంగళూరులోనూ బెంగాలులోనూ ఇదే మోసం, ఇదే దస్తావేజుల దారిలో, ఇంకా పెద్ద ఎత్తున జరిగాకే దేశమంతా కదిలింది. వేలిముద్ర పుట్టిన బెంగాలులోనే దాని పరువు పూర్తిగా పోయిందన్నమాట.

మరమ్మతులు రెండు వైపుల నుంచీ వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, ముద్రలోని గుర్తులతో పాటు వేలి బొమ్మను మొత్తంగా పరిశీలించి అది బతికున్న వేలో కాదో పసిగట్టే ఏర్పాటు తెచ్చింది. అలా పసిగట్టగల కొత్త తరం యంత్రాలను కూడా పాతవాటి స్థానంలో దించుతున్నారు. రెండోవైపు రాష్ట్రాలు ఇంటర్నెట్‌లో ఇచ్చే దస్తావేజు నకళ్లలో వేలిముద్రనూ ఆధార్ అంకెలనూ కప్పిపెట్టడం మొదలుపెట్టాయి. ఇన్నేళ్లకు సాక్ష్యాన్నీ తాళంచెవినీ విడదీశారు. అయితే అప్పటికే దించుకుపోయిన నకళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిని వెనక్కి తెచ్చే యంత్రం ఎవరి దగ్గరా లేదు. సంకేత పదం పోతే మార్చుకుంటాం. వేలు పోతే? మనిషికి ఉన్నవి పదే.

ఈ మధ్యలో బ్లాక్‌చెయిన్ అన్న మాట కూడా మన ప్రాంతానికి వచ్చి వెళ్లింది. అమరావతి భూముల రికార్డులను దానిలో పెట్టాలని 2017 ప్రాంతంలో ప్రయోగాలు చేశారు. ఆ పద్ధతిలో ఒకసారి రాసింది ఎవరూ చెరపలేరు. మంచిదే. కానీ మన చిక్కు ఎవరో చెరిపేశారని కాదు, అందరూ చదివేస్తున్నారని. జ్వరానికి కట్టు కట్టినట్టు ఉంటుంది.

కొందరికి ఈ సంగతి ఇంకో రకంగా అర్థమైంది. 2022లోనే రాచకొండ పోలీసులు పట్టుకున్న కడప జిల్లా రేడియోగ్రాఫరు ఒకడు, కువైట్ నుంచి వెనక్కి పంపేసిన కూలీలకు వేళ్ల చివర తోలు తీసి, కుట్లు వేసి, ముద్రలు మార్చి మళ్లీ పంపే వ్యాపారం చేశాడు. పొట్టకూటి కోసం వేలు కోయించుకున్న ఆ మనుషుల గురించి సైబర్ భద్రత సదస్సుల్లో ఎవరూ మాట్లాడరు.

మన ఇళ్లలో పెద్దవాళ్లున్నారు, చాలామందిమి వాళ్లకు దూరంగా ఉన్నాం, అందుకని పనికొచ్చే నాలుగు ముక్కలు చెబుతాను. ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ఫోను యాప్‌లో గానీ 'బయోమెట్రిక్ లాక్' అని ఉంటుంది. అది వేస్తే వేలు ఎవరు పెట్టినా పనిచేయదు, మనకు కావాల్సినప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. రేషనుకు, పింఛనుకు నెలనెలా వేలు పెట్టే అమ్మానాన్నలకు ఇది ఇబ్బంది, వాళ్లకు వేయకండి. వాళ్ల విషయంలో ముందు చూడాల్సింది బ్యాంకు ఖాతాకు ఉన్న ఫోను నంబరు ఇప్పటిదేనా అని. మా బాబాయి ఖాతాకు ఉన్నది మూడు ఫోన్ల కిందటి నంబరు, మెసేజీలన్నీ ఎవరికో పోయాయి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, మెసేజీ అందిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మన నెత్తిన పడదు. తప్పు మనదని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకుదే. "మీ వేలే పడింది" అంటే సరిపోదు. ఆ ఆదేశం కాగితం ముద్రించి పట్టుకెళ్తే కౌంటరు అవతల గొంతు తగ్గుతుంది, ఇది స్వయంగా చూసిందే.

ఇప్పుడు కొత్తగా ముఖం వచ్చింది. వేలు అరిగిన వాళ్లకు ముఖం చూపిస్తే చాలని పింఛన్ల దగ్గరా, హాజరు దగ్గరా ఫోను కెమెరా పెడుతున్నారు. పత్తి తీసే ఆడవాళ్లకు నిజంగానే ఇది ఊరట, కాదనను. కానీ దస్తావేజు మీది వేలిముద్రను కప్పడానికే ఇరవై ఏళ్లు పట్టింది మనకు. ముఖాన్ని ఏ ముసుగు కప్పుతుంది? ఫ్లెక్సీల మీద ముఖం, వాట్సాప్ డీపీలో ముఖం, ఓటర్ల జాబితాలో ముఖం. ఈ సావనీర్ చివరి పేజీల్లోనే 1975 నుంచి ప్రతి బ్యాచి గ్రూపు ఫొటోలు పేర్లతో సహా ఉంటాయి. వాటిని తీసేయమని నేను అనను, నేనే ముందు ఆ పేజీలు తిరగేస్తాను. అయితే ఫొటోల వెనకే సభ్యుల పుట్టిన తేదీలు, ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు కూడా వేయాలని మొదట అనుకున్నాం. ఆ మూడు గడులనూ అచ్చు నుంచి తీసేసి, అడిగిన సభ్యుడికి సంఘం కార్యాలయంలో చూపించే రిజిస్టరులో ఉంచుదామని సంపాదకులకు చెప్పాను. ఒప్పుకున్నారు.